ఓల్గా రాణి చరిత్రము — ప్రజలభాషలో ధర్మగ్రంథము

రాజుల చరిత్రములు లోకమున విస్తారముగా వ్రాయబడియున్నవి గాని రాజపత్నుల చరిత్రములను శ్రద్ధతో వ్రాసినవారు కొందఱే. అందును పరదేశమున జన్మించి, వివాహబంధముచేత వేఱొక దేశమునకు రాణులై వచ్చిన స్త్రీల జీవితములను విచారించుట మనకు మిక్కిలి ప్రయోజనకరము. ఆఁడుబిడ్డ పుట్టినింటిని విడిచి మెట్టినింటి మర్యాదల నలవఱచుకొనుట ప్రతి కుటుంబమునందును జరుగుచున్నదే. అయితే మెట్టినిల్లొక దేశమైనప్పుడు, అత్తమామల స్థానమున లక్షలకొలఁది ప్రజలున్నప్పుడు, ఆ స్త్రీ పలికిన ప్రతిమాటయు, చేసిన ప్రతిదానమును పరీక్షకు గుఱియగును. అట్టి పరీక్షలో నలువదియైదేండ్లకుఁ బైగా నిలిచిన గ్రీసుదేశపు రాణి ఓల్గా చరిత్రమును ఈ పాఠమునందు సంగ్రహముగా విచారింతము. ఆమె ప్రజల మేలుకోరి చేయించిన యొక చిన్న పుస్తకము దేశమందెట్టి కలవరమునకుఁ దావిచ్చెనో తెలిసికొనుట ఇందలి ముఖ్యోద్దేశము.

జననము, వివాహము

ఓల్గా 1851వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదిని రష్యా రాజధానియైన సెంటుపీటర్సుబర్గు సమీపమునందలి పావ్లొవ్స్కు నగరున జన్మించెను. ఈమె తండ్రి కాన్‌స్టంటీను, మొదటి నికొలసు చక్రవర్తికి రెండవ కుమారుఁడు. రష్యాలో దాసకృషీవలులకు విముక్తి యొసఁగిన రెండవ అలెగ్జాండరు చక్రవర్తికి సోదరుఁడు. తల్లి జర్మను రాజకుటుంబమునుండి వచ్చినది. కావున పరదేశమున కాపురము చేయు రాణివాసపు స్త్రీల కష్టసుఖములు ఓల్గాకు బాల్యమునుండియుఁ గన్నులయెదుటనే యుండెను. 1862లో తండ్రి పోలండునకు రాజప్రతినిధిగా నియమింపఁబడి వార్సా నగరమునకుఁ బోఁగా, అక్కడ అడుగిడిన మఱునాఁడే ఆయనపై హత్యాప్రయత్నము జరిగెను. పరప్రభుత్వమును సహింపని ప్రజల నడుమ నివసించుట యెట్టిదో ఆ బాలిక పదునొకండేండ్ల ప్రాయముననే చూచెను.

అప్పటి గ్రీసుదేశపు స్థితి యెట్టిదనఁగా: తురుష్కుల పాలననుండి విముక్తిఁ బొందిన యా చిన్న రాజ్యమునకు ఐరోపాలోని మహారాజ్యములు బవేరియా రాజకుమారుఁడగు ఒట్టోను రాజుగాఁ బంపియుండిరి. ఆయన కథోలికుఁడు, ఆయన రాణి యమేలియా ప్రొటెస్టంటు, వారికి సంతానము లేదు. ప్రజలో ప్రాచ్య క్రైస్తవశాఖయైన ఆర్థడాక్సు మతస్థులు. 1862లో ప్రజలు ఒట్టోను పదభ్రష్టునిఁ జేసి, మఱుసటియేఁట డెన్మార్కు రాజకుమారుని, పదునేడేండ్లవానిని, మొదటి జార్జియను పేర రాజుగాఁ గైకొనిరి. ఈ జార్జియు లూథరు మతమునందే యుండెను గాని, తన సంతానమును ఆర్థడాక్సు మతమునఁ బెంచుటకు సమ్మతించెను. రాజునకు స్వమతస్థురాలగు రాణి లభించిన బాగుండునని ప్రజలు కోరుచుండిరి. ఆ కోరికకు రష్యా రాజకుమార్తె సరిపోయెను.

1867వ సంవత్సరము అక్టోబరు 27వ తేదిని సెంటుపీటర్సుబర్గునందలి శీతకాల ప్రాసాదమున వివాహము జరిగెను. వధువునకుఁ బదియాఱేండ్లు, వరునకు ఇరువదియొక యేండ్లు. ఆమె తన బొమ్మలను గూడఁ బెట్టెలలోఁ బెట్టుకొని గ్రీసునకుఁ దీసికొనిపోయెనని చరిత్రకారులు వ్రాయుచున్నారు. రేవుపట్టణమగు పైరియసునందు ఓడ దిగునప్పుడు గ్రీకు జాతీయవర్ణములైన నీలశ్వేతములు గల దుస్తులను ధరించెను. జనులు సంతోషధ్వానములు చేసిరి. వేడుకలు ముగిసిన పిదప రాజప్రాసాదములో ఒంటరితనముచే నా బాలిక దుఃఖించుచుండెను. మఱుసటియేఁడు ఆగస్టు 2వ తేదిని, తనకుఁ బదునేడేండ్లింకను నిండకమునుపే, ఆమె తల్లి యయ్యెను. బాల్యము ముగియకమునుపే స్త్రీపై భార్యాత్వమును మాతృత్వమును మోపుట ఒక్క దేశమునకే పరిమితమైన దురాచారము కాదనియు, అంతఃపురములుగూడ దానికి వెలియైనవి కావనియు ఈ వృత్తాంతమువలనఁ దెలియుచున్నది.

మొదటి కుమారునకుఁ గాన్‌స్టంటీనని పేరిడిరి. కాన్‌స్టాంటినోపులును మరల సాధింపవలెనను జాతీయాశ గల గ్రీకులకు ఆ నామము మిక్కిలి ప్రియమయ్యెను. ఓల్గాకు మొత్తము ఎనమండుగురు బిడ్డలు కలిగిరి. వారిలో ఒక యాఁడుశిశువు పుట్టిన కొన్ని నెలలకే గతించెను. పెద్దకుమార్తె యలెగ్జాండ్రా రష్యా రాజకుటుంబమునఁ గోడలై, 1891లో ఇరువదియొకటవయేఁటఁ బ్రసవానంతరము మరణించెను. ఆండ్రూ అను కుమారుని కొడుకే, తరువాతికాలమున ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్తునకు భర్తయైన ఫిలిప్పు.

ధర్మకార్యములు

కొంగ్రొత్తగా వచ్చిన రాణి అల్పకాలములోనే గ్రీకుభాష నభ్యసించెను. రాజకీయములలో జోక్యము కల్పించుకొనక, రోగులు, అనాథలు, బందీలు అను మూఁడు తెగలవారి సేవకై తన శక్తిని వినియోగించెను. ఏథెన్సు నగరమునందలి యెవాంజెలిస్మోసు వైద్యశాల ఆమె పోషణమున వెలసి 1884లో తెఱవఁబడెను. నేఁటికిని అది యా నగరమునందలి గొప్ప వైద్యశాలలలో నొకటిగా నున్నది. ఓల్గా స్వయముగా రోగుల మంచములకడకుఁ బోయి పరామర్శించుచుండెను.

కారాగృహములవిషయమున నామె చేసిన పని విశేషించి చెప్పఁదగినది. అంతకుమున్ను గ్రీసునందు స్త్రీలను బురుషులుండు చెఱసాలలలోనే యుంచుచుండిరి. అట్టి స్థలములయందు స్త్రీలకుఁ గలుగు దుర్దశను వర్ణింపఁ బనిలేదు. రాణి ప్రోత్సాహముచేతను, అవెరోఫను ధనికుల ద్రవ్యసాహాయ్యముచేతను రాజధానిలో స్త్రీలకు మాత్రమే యుద్దేశింపఁబడిన మొదటి కారాగృహమును, బాలనేరస్థులకు వేఱొకటియుఁ గట్టఁబడెను. పైరియసున నావికులకొఱకుఁ దన మృతపుత్రిక యలెగ్జాండ్రా జ్ఞాపకార్థముగా నొక వైద్యశాలను స్థాపించెను. అది ముఖ్యముగా రష్యా నావికులకై యేర్పడినను ఇతర దేశముల నావికులనుగూడఁ జేర్చుకొనుచుండెను.

ఇక్కడ నొక సంగతిని దాఁచక చెప్పవలెను. ఓల్గా తన జన్మదేశమును మఱవలేదు. రష్యా నౌకలు పైరియసునకు వచ్చినప్పుడెల్ల నావికులను జూడఁబోవుచుండెను; తన మాతృభాష వినుటకై మనసు తహతహలాడుచుండెను. ఇది స్వభావసిద్ధము, నింద్యము గాదు. అయినను ఒకనాఁడిదియే యామెపై ప్రయోగింపఁబడు నాయుధ మగునని యప్పుడెవ్వరును దలంపలేదు.

సువార్తానువాదము

1897లో గ్రీసునకును తురుష్క సామ్రాజ్యమునకును యుద్ధము సంభవించెను. సుమారొక నెలలోనే గ్రీకులు పరాజితులైరి. ఓల్గాయు, ఆమె కోడలు సోఫియాయు క్షతగాత్రులైన సైనికులకు సేవచేసిరి. ఆ సేవకై ఇంగ్లండు రాణి విక్టోరియా ఓల్గాకుఁ గౌరవపతకము నొసంగెను. ఆ వైద్యశాలలలోనే రాణి యొక విషాదకరమగు సత్యమును గ్రహించెను. పల్లెలనుండి వచ్చిన యా సైనికులకు, వారు ప్రాణప్రదముగా నెంచుకొను సువార్తలే అర్థమగుటలేదు!

ఇది యెట్లు సంభవించెనో చదువరులు తెలిసికొనవలెను. క్రైస్తవుల నూతన నిబంధనము మొదటి శతాబ్దమునందు గ్రీకుభాషలోనే వ్రాయఁబడినది. పదునెనిమిది వందల యేండ్లలో వాడుకభాష యెంతయో మాఱిపోయినది. ఇతర జాతులవారు ఆ గ్రంథమును దమతమ భాషలలోనికి మార్చుకొని చదువుకొనుచుండఁగా, మూలగ్రంథము మాదే యని గర్వించు గ్రీకు రైతుమాత్రము దాని నర్థము చేసికొనలేకుండెను. ఆ కాలమున గ్రీసునందు లేఖనభాషయు, జనవాక్కును వేఱు వేఱుగా నుండెను. పండితులును, ప్రభుత్వమును వాడునది ‘కథరెవూస’, అనఁగా శుద్ధీకృతభాష. దీనికి మార్గము చూపినవాఁడు 1748లోఁ బుట్టి 1833లో గతించిన పండితుఁడు కొరాయిసు. ఇంటను, సంతలోను జనులు మాటలాడునది ‘దిమొతికి’, అనఁగా జనభాష. 1888లో సిఖారిసు అనునాతఁడు తన యాత్రాగ్రంథమును జనభాషలో వ్రాసి ప్రకటించినది మొదలు రెండు పక్షములకును గొప్ప వాదము రేఁగెను.

రాణి తన కార్యదర్శినియగు యూలియా సొమాకీచేత సువార్తలను సులభభాషలోనికి మార్పించెను. ధర్మాధికారుల మహాసభ యనుమతిఁ గోరెను, సభ యంగీకరింపలేదు. రాణి తన ప్రయత్నమును మానలేదు. 1901వ సంవత్సరారంభమున వేయి ప్రతులు ముద్రింపఁబడెను. మూలమును అనువాదమును ఎదురెదురుగా నిలిపి, ఈ పుస్తకము కుటుంబములలోఁ జదువుకొనుటకు మాత్రమే యని ముఖపత్రముననే తెలిపిరి. దేవాలయములయందలి పఠనమును మార్చుట రాణి యుద్దేశము గాదని దీనివలన స్పష్టము. వెల యొక ద్రాఖ్మ మాత్రమే. అది ముద్రణవ్యయముకంటెఁ దక్కువ. ఈ ప్రకటనమువలన నప్పటికిఁ బెద్ద యలజడి కలుగలేదు.

ఇట్లుండఁగా అలెగ్జాండ్రోసు పల్లిసు అను గ్రీకు వర్తకుఁడు మత్తయి సువార్తను అచ్చమైన జనభాషలోనికి మార్చెను. ఈతఁడు కొంతకాలము మన బొంబాయి నగరమున వాణిజ్యము చేసి, పిదప ఇంగ్లండునందలి లివర్‌పూలునఁ గాపురముండెను. హోమరు మహాకవి ఇలియదును గూడ జనభాషలోనికి మార్చిన రసికుఁడు. ఈతని సువార్తానువాదమును 1901 సెప్టెంబరునుండి ఏథెన్సునందలి ‘అక్రోపొలిసు’ పత్రిక ప్రకటింప మొదలుపెట్టెను. దానితో నిప్పంటుకొనెను. పల్లిసు అనువాదమును, రాణి యనువాదమును వేఱువేఱు గ్రంథములైనను ప్రతిపక్షులు రెంటిని నొకే గాఁటఁ గట్టిరి.

అప్పటి గ్రీకు పంచాంగము ననుసరించి నవంబరు 5వ తేదిని విశ్వవిద్యాలయ విద్యార్థులు వీథులకెక్కిరి. అనువాదకులను మతబహిష్కృతులఁ జేయవలెనని కోరిరి. విశ్వవిద్యాలయ భవనము నాక్రమించిరి. 8వ తేదిని ఒలింపియా జ్యూసు దేవళపు ప్రాచీన స్తంభములకడ మహాసభ జరిగెను. ఆనాఁటి సంఘర్షణమున సైనికులు కాల్పులు జరుపఁగా ఎనమండుగురు మరణించిరి, పెక్కండ్రు గాయపడిరి. ఏథెన్సు మహాధర్మాధ్యక్షుఁడు ప్రొకోపియోసు తన పదవిని విడిచెను. తెయొతొకిసు మంత్రివర్గమును రాజీనామా నొసంగెను. రాణి మనసారఁ గోరిన యుపకారము రాజధాని వీథులలో రక్తపాతమునకుఁ గారణములలో నొకటి యయ్యెను.

ఉభయపక్షముల విచారణ

ప్రతిపక్షులందఱును మూఢులని చెప్పి యీ విషయమును ముగించుట న్యాయము గాదు. వారు చెప్పిన హేతువులు ముఖ్యముగా మూఁడు. మూలగ్రంథమే తమ పూర్వులభాషలో నుండఁగా దాని కనువాద మేలయనునది మొదటిది. అట్టి యనువాద మవసరమని యొప్పుకొనుట ప్రాచీనులతోఁ దమకుఁ గల సంబంధము తెగినదని యొప్పుకొనుటయే యని వారు భయపడిరి. పవిత్ర వాక్యములను సంతభాషలోనికి దించినచో వాని గౌరవము నశించుననునది రెండవది. మూఁడవది రాజకీయము. 1870లో బల్గేరియనులు గ్రీకు ధర్మపీఠమునుండి విడివడి తమ ధర్మపీఠమును వేఱుగా స్థాపించుకొనిరి. మాసిడోనియాకై గ్రీకులకును బల్గేరియనులకును స్పర్ధ ప్రబలుచుండెను. ఇట్టి సమయమున రష్యాలోఁ బుట్టిన రాణి సువార్తను మార్పించుట స్లావుజాతీయుల కుట్రయేమో యను వదంతి పుట్టెను.

ఈ హేతువులను గ్రమముగా నాలోచింతము. పూర్వుల భాష మనదే యని గర్వించుటవలన నది మనకు బోధపడదు. తాతగారి పెట్టె మన యింట నున్నంతమాత్రమునఁ దాళపుచెవి లేనివానికి లోపలి సొమ్ము దక్కునా? రాణి పెట్టెను బగులఁగొట్టలేదు. మూలము నెదుటిపుటలో నట్లే నిలిపి తాళపుచెవిని మాత్రము చేతికిచ్చెను. రెండవ హేతువునకు సమాధానము సువార్తలలోనే యున్నది. అవి వ్రాయఁబడిన నాఁటి గ్రీకు పూర్వపు మహాకవుల ప్రౌఢభాష గాదు. ఆ కాలపు సామాన్యజనులకుఁ దెలిసిన వ్యవహారభాష. ఏ వాక్యములు జనభాషలోఁ బుట్టి పూజ్యములయ్యెనో, అవియే మరల జనభాషలోనికి వచ్చుటవలన నపవిత్రములగు ననుట పొసఁగదు. కాలము కప్పిన మఱుఁగునే జనులు మహిమ యనుకొనుచుండిరని మాకుఁ దోఁచుచున్నది.

మూఁడవ హేతువే మిక్కిలి శోచనీయము. ముప్పదినాలుగేండ్లు గ్రీసునఁ గాపురముండి, రోగులకు సేవచేసి, బిడ్డలను గని పెంచి, ఇద్దఱు బిడ్డలను బోఁగొట్టుకొన్న స్త్రీ యొక్క దినములో మరల పరదేశీయురాలయ్యెను! ఆమె దానములను స్వీకరించునపుడు ఎవ్వరును ఆమె జన్మస్థాన మడుగలేదు. ప్రశ్న యడిగించెడి దానమొకటి చేసినప్పుడే జన్మస్థానము జ్ఞాపకమునకు వచ్చెను. ఇంకొకటి గమనింపవలెను. గ్రీకు పండితులెందఱో సైనికులతో మాటలాడియుందురు. ఆ సైనికులకు సువార్త యర్థముగాదను సంగతి వారి కన్నులకుఁ బడనేలేదు, పడినను లోపముగాఁ దోఁపలేదు. ఆ భాషను గొత్తగా నేర్చుకొన్న స్త్రీకి మాత్ర మది కానవచ్చెను. అలవాటులేని కన్ను లోపమును త్వరగాఁ జూచును. ఆ లోపమును చెప్పు నోటిపై నమ్మకము కుదురుటయే కష్టము.

అట్లని రాణి చేసినదంతయు దోషరహితమని మేము చెప్పఁజాలము. ధర్మాధికారుల సభ నిరాకరించినపిమ్మట రాజకుటుంబపు పలుకుబడితోఁ బుస్తకమును బ్రకటించుట, శత్రువులకు ‘పైనుండి రుద్దిన సంస్కరణము’ అను మాట కవకాశ మిచ్చెను. సంస్కరణము న్యాయమైనదైనంత మాత్రమునఁ జాలదు. దేశీయులైన పెద్దలు, ఉపాధ్యాయులు, పల్లెల పురోహితులు దానిని దమదిగా భావించునట్లు మార్గము సిద్ధపఱపవలెను. అయితే ఆ సిద్ధపాటు ముగియువఱకు క్షతగాత్రుఁడు తన మంచముపై అర్థముగాని పుస్తకమును బట్టుకొని వేచియుండవలెనా యను ప్రశ్నయుఁ గలదు. ఈ రెంటి నడుమ నిర్ణయము సులభము గాదు. సంస్కారపక్షమునఁ బనిచేయు ప్రతివారికిని ఇట్టి ఘట్టము తటస్థించును.

ఈ యలజడి ఫలితము చిరకాలము నిలిచెను. 1911 నాఁటి గ్రీకు రాజ్యాంగమునందు, ధర్మపీఠముల యనుమతిలేక పవిత్రగ్రంథముల యధికారానువాదములు చేయరాదని శాసించిరి; 1975 నాఁటి రాజ్యాంగమునందుఁగూడ నట్టి నిబంధనము నిలుపఁబడెను. అయినను భాషావిషయమునఁ గాలము రాణి పక్షమునే మొగ్గెను. 1976లో శాసనమువలన జనభాషయే పాఠశాలలకు బోధనభాషగాఁ గైకొనఁబడెను. ఏ విశ్వవిద్యాలయపు విద్యార్థులు జనభాషను నిరసించి ప్రాణముల నొడ్డిరో, అచ్చటనే తరువాతి తరములవారు ఆ భాషలోఁ జదువుకొనిరి.

చరమజీవితము

కలవరముల పిమ్మటను ఓల్గా దేశమును విడిచి పోలేదు. వైద్యశాలల పనిని మానలేదు. 1913 మార్చి 18వ తేదిని జార్జి రాజు, బాల్కను యుద్ధమున గ్రీకులు జయించిన సలోనికా నగరమున నడచిపోవుచుండఁగా నొక హంతకుని తుపాకిచే హతుఁడయ్యెను. కుమారుఁడు కాన్‌స్టంటీను రాజయ్యెను. విధవయైన ఓల్గా రష్యాకుఁ బోయి, మహాయుద్ధకాలమునఁ బావ్లొవ్స్కునందు గాయపడిన సైనికులకు సేవచేసెను. 1917 నాఁటి విప్లవము పుట్టినింటినిగూడ నామెకు లేకుండఁజేసెను. ఆమె సోదరపుత్రులు మువ్వురు 1918లోను, సోదరుఁడు ద్మిత్రి 1919లోను జంపఁబడిరి. భర్తదేశమైన డెన్మార్కు రాయబారుల సాహాయ్యమున నామె రష్యానుండి తప్పించుకొని బయటఁబడెను.

అప్పటికిఁ గాన్‌స్టంటీను సింహాసనమును విడిచి ప్రవాసమున నుండెను. ఆమె మనుమఁడైన అలెగ్జాండరు రాజు కోఁతికాటువలన 1920 అక్టోబరు 25వ తేదిని మరణించెను. రాజకుటుంబమంతయు వెలివేయఁబడియున్న యా కాలమున గ్రీసునకు వచ్చుటకు ఓల్గాకు మాత్రమే యనుమతి లభించెను. అయినను ఆమె చేరునప్పటికి మనుమఁడు గతించియుండెను. ఆ నవంబరునుండి డిసెంబరువఱకు సుమారొకనెల ఆమెయే రాజ్యమునకు సంరక్షకురాలిగా నుండెను. ఒకప్పుడు పరదేశపు కుట్రదారురాలని శంకింపఁబడిన స్త్రీచేతనే, దిక్కుతోఁచని సమయమున దేశము తన సింహాసనమును గాపాడించుకొనుట విచారింపఁదగిన విషయము.

1922లోఁ గాన్‌స్టంటీను మరల పదవిని విడువవలసివచ్చెను. 1924లో గ్రీసు ప్రజారాజ్యమయ్యెను. ఓల్గా 1926 జూన్ 18వ తేదిని ప్రవాసమునందే దేహమును జాలించెను. రాజత్వము తిరిగి స్థాపింపఁబడినపిదప, 1936లో ఆమె కళేబరమును గ్రీసునకుఁ దెచ్చి, ఏథెన్సు సమీపమునందలి తతోయి యను స్థలమున సమాధి చేసిరి.

గ్రహింపవలసిన సంగతులు

ఈ చరిత్రమునుండి మనము మూఁడు సంగతులను గ్రహింపవచ్చును. ధర్మగ్రంథమును గౌరవించుట వేఱు, గ్రహించుట వేఱు. గౌరవము పేరిట గ్రహణమున కడ్డుపడుట గ్రంథమునకే యపచారము. సత్కార్యమును దాని గుణమునుబట్టి పరిశీలింపక, చేసినవారి పుట్టుకనుబట్టి తూఁచుట సంఘములకుఁ గలుగు వ్యాధులలో నొకటి. అది చదువుకొన్నవారినిగూడ వదలలేదని ఏథెన్సు విద్యార్థుల చరిత్రము చెప్పుచున్నది. మూఁడవది, ఉపకారముచేయఁబూనినవారు ఉపకారము పొందువారినే కాక, దానికి వెఱచువారినిగూడ లెక్కింపవలెను. వారి భయములను విని, ఓర్పుతో సమాధానము చెప్పవలెను. పుస్తకము నచ్చొత్తించుట కొన్ని నెలల పని. దానిని చదువుటకు సంఘము నొప్పించుట తరముల పని. చదువరులు తమ యిండ్లలోను, గ్రామములలోను ఏ గ్రంథమెవరికి అర్థమగుచున్నదో, ఎవరికిఁ గాకున్నదో విచారించి చూచిన, ఓల్గా రాణి రోగుల మంచములకడఁ గనుఁగొన్న సత్యమును దామును గనుఁగొనఁగలరు.